బిడ్డకు పాలిస్తున్నారా? అయితే మీ పేరున కూడా ఒక ఫైల్ తెరవండి

బాలింత ఉన్న ఇంట్లో లెక్కలన్నీ బిడ్డవే. ఎంత బరువు పెరిగాడు, ఎన్ని డైపర్లు తడిపాడు, తర్వాతి టీకా ఎప్పుడు. తల్లిపాలు ఎందుకు మంచివని అడిగితే మన ఆడవాళ్లలో ఎవరైనా ముర్రుపాల దగ్గర మొదలుపెట్టి గడగడా చెప్పేస్తారు. "మరి పాలిచ్చినందుకు నీ ఒంటికి ఏమవుతుంది?" అని అడిగి చూడండి. నష్టాలే వినిపిస్తాయి. ఎముకలు గుల్లవుతాయి, జుట్టు ఊడిపోతుంది, ఒంట్లో సత్తువంతా బిడ్డ లాగేస్తుంది.

తల్లికి జరిగే మేలు ఇరవై ముప్పై ఏళ్ల తర్వాత గానీ తెలిసేది కాదు. అందుకే దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఆ మేలు ఎంత, ఎక్కడితో ఆగిపోతుంది, దాన్ని నిలబెట్టుకోవడానికి ఇప్పుడు ఏం చేయాలి అన్నది వరుసగా చెబుతాను. అమ్మ అనంతపురంలో, అత్తమ్మ నెల్లూరులో, మీరు బెంగళూరు మారతహళ్లిలో రెండు గదుల ఫ్లాట్‌లో ఉన్నారనుకునే రాస్తున్నాను.

మొదటి పని: కాన్పు కాగితాలు దాచడం

కర్ణాటకలో ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో పేరు రాయించుకున్న గర్భిణికి తాయి కార్డు (తల్లీబిడ్డల ఆరోగ్య వివరాలు రాసే కార్డు) ఇస్తారు. ప్రైవేటు ఆసుపత్రిలో కాన్పయితే డిశ్చార్జి సమ్మరీ చేతికొస్తుంది. టీకాలు అయ్యేదాకా వీటిని భద్రంగా ఉంచి, ఇల్లు మారేటప్పుడు పాత పేపర్లతో పాటు అమ్మేసేవాళ్లే ఎక్కువ. మీరు ఆ పని చేయకండి. ఫోన్‌లో ఫొటో తీసుకోండి, అసలు కాగితాలు మీ పేరు రాసిన ఫైల్లో పెట్టండి. బిడ్డ ఫైల్లో కాదు, మీ ఫైల్లో.

ఆ ఫైల్లో మొదటి కాగితం మీద మీ చేత్తోనే రాయండి. గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చిందా? బీపీ పెరిగిందా? ఎన్నో వారంలో కాన్పయింది? రక్తం ఎక్కువ పోయిందా? చివరి హిమోగ్లోబిన్ ఎంత? కింద ఖాళీ వదిలి, పాలు మాన్పించిన నాడు "మొదటి బిడ్డకు ఇన్ని నెలలు" అని రాయండి. పోతపాలు ఎప్పటి నుంచి కలిపారో కూడా రాస్తే మరీ మంచిది. మీకు యాభై ఏళ్లు వచ్చాక ఒక కార్డియాలజిస్టో, క్యాన్సర్ డాక్టరో ఇవే అడగొచ్చు. ఆ రోజు "ఏమో, ఏడాదో ఏడాదిన్నరో" అనాల్సి రాకూడదు. చాలామంది డాక్టర్లు అడగరు కూడా. అడగకపోయినా మీరే చెప్పాలి.

రెండో పని: మేలు ఎంతో సరిగ్గా తెలుసుకోవడం

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. వాట్సాప్‌లో తిరిగే మెసేజ్‌లు రెండు రకాలు. పాలిస్తే క్యాన్సరే రాదని ఒకటి. అంతా అబద్ధమని ఇంకొకటి. రెండూ తప్పే.

రొమ్ము క్యాన్సర్ గురించి పెద్ద లెక్క 2002లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. 30 దేశాల్లో జరిగిన 47 అధ్యయనాలను కలిపి చూశారు. క్యాన్సర్ వచ్చిన స్త్రీలు 50 వేల మందికి పైగా, రానివాళ్లు దాదాపు 97 వేల మంది అందులో ఉన్నారు. పాలిచ్చిన ప్రతి 12 నెలలకూ రిస్క్ 4.3 శాతం తగ్గుతూ వచ్చింది. ఇది కాన్పు వల్ల తగ్గేదానికి అదనం. ఒక్కో బిడ్డకు పన్నెండు నెలలే ఇవ్వాలని కాదు, అందరికీ ఇచ్చిన నెలలు కూడుకోవచ్చు. ఇద్దరు పిల్లలకు చెరో ఏడాదిన్నర ఇస్తే మొత్తం మూడేళ్లు, అంటే రిస్క్ 12 శాతం దాకా తగ్గినట్టు. తేలిగ్గా అర్థం కావాలంటే, వెయ్యి మందిలో 30 మందికి ఆ జబ్బు రావాల్సిన చోట 26 మందికి వస్తుందనుకోండి. చిన్నదా? ఒక్క మనిషికి చిన్నదే. దేశం మొత్తానికి చూస్తే చాలా పెద్దది. ఆ నలుగురిలో మీరూ ఒకరు కావచ్చు, కాకపోవచ్చు.

ఎందుకు తగ్గుతుంది? పాలు తయారుచేసే పనిలో రొమ్ములోని కణాలు పూర్తిగా పరిపక్వమవుతాయి. నెలసరి ఆగి ఉన్నంతకాలం ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తక్కువగా ఉంటుంది. హార్మోన్ మందులకు లొంగని ట్రిపుల్ నెగెటివ్ రకం రొమ్ము క్యాన్సర్ మీద కూడా పాలివ్వడం ప్రభావం కనబడింది. ఆ రకం మన దేశంలో, అందులోనూ చిన్న వయసు వాళ్లలో, పాశ్చాత్య దేశాల కంటే ఎక్కువ. అండం విడుదల ఆగే నెలల వల్ల అండాశయ క్యాన్సర్ రిస్క్ కూడా తగ్గుతుంది.

మన కుటుంబాలకు ఇంతకంటే దగ్గర విషయం షుగర్. తల్లిపాలలో నూటికి ఏడు వంతులు లాక్టోజ్ అనే చక్కెరే ఉంటుంది. రోజుకు 750 మిల్లీలీటర్ల పాలు వచ్చే తల్లి ఒంట్లోంచి 50 గ్రాములకు పైగా చక్కెర అలా బయటికి పోతుంది. ఇన్సులిన్ మీద భారం తగ్గుతుంది. అమెరికాలో 1985లో మొదలై మూడు దశాబ్దాల పాటు అదే స్త్రీలను గమనించిన కార్డియా అధ్యయనంలో, అసలు పాలివ్వనివారితో పోలిస్తే ఆరు నెలలు దాటి ఇచ్చినవారిలో మధుమేహం వచ్చే అవకాశం దాదాపు సగమే ఉంది. గుండె విషయంలో అంత పెద్ద తేడా లేదు. పన్నెండు లక్షల మంది స్త్రీల వివరాలు కలిపి 2022లో ప్రచురించిన లెక్కలో గుండె, రక్తనాళాల జబ్బులు 11 శాతం, పక్షవాతం 12 శాతం తక్కువగా కనిపించాయి.

ఒక హెచ్చరిక. ఇవన్నీ స్త్రీలను ఏళ్ల తరబడి గమనించి కట్టిన లెక్కలు. ఎక్కువ కాలం పాలిచ్చేవాళ్లలో పొగతాగనివాళ్లు, బరువు తక్కువున్నవాళ్లు ఎక్కువ ఉండొచ్చు. పరిశోధకులు ఆ తేడాలను తీసేసి చూసినా వాటి ప్రభావం కొంత మిగిలిపోతుంది. కాబట్టి పాలివ్వడం మీ ఆరోగ్యానికి ఒక ఊతం. బీపీ చూపించుకోకపోయినా పరవాలేదనే లైసెన్సు మాత్రం కాదు.

మూడో పని: బిడ్డ టీకా తేదీకి మీ పరీక్షను జోడించడం

నన్నడిగితే మొత్తంలో ఎక్కువ పనికొచ్చే సలహా ఇదే. బిడ్డను 6, 10, 14 వారాలకు, 9 నెలలకు, 16 నెలలు దాటాక టీకాకు ఎలాగూ తీసుకెళ్తారు. మీకంటూ విడిగా ఒక రోజు పెట్టుకుంటే అది ఎప్పటికీ రాదు. అదే రోజు మీ బీపీ చూపించుకోండి, బరువు తూయించుకోండి, ఫైల్లో తేదీ వేసి రాసుకోండి. దగ్గర్లో ప్రభుత్వ నమ్మ క్లినిక్ ఉంటే బీపీ, షుగర్ ఉచితంగానే చూస్తారు. నర్సు కన్నడలో మాట్లాడినా కంగారు లేదు. కోలారు, చిక్కబళ్లాపురం వైపు వాళ్లయితే తెలుగు ఎలాగూ అర్థమవుతుంది.

గర్భంలో షుగర్ వచ్చినవాళ్లు 6 నుంచి 12 వారాల మధ్య ఒక పరీక్ష తప్పకుండా చేయించుకోవాలి. పరగడుపున వెళ్తే ఒకసారి రక్తం తీస్తారు, 75 గ్రాముల గ్లూకోజ్ తాగిస్తారు, రెండు గంటలకు మళ్లీ తీస్తారు. రెండు గంటల లెక్క 140 లోపుంటే మామూలు, 140 నుంచి 199 మధ్య ఉంటే హద్దు మీద ఉన్నట్టు, 200, ఆపైన ఉంటే షుగరే. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షను ఈ సమయంలో నమ్ముకోకండి. కాన్పులో రక్తం పోవడం వల్ల, రక్తహీనత వల్ల ఆ లెక్క తప్పు చూపించవచ్చు. దీన్ని మాత్రం టీకా రోజే పెట్టుకోవద్దు. సూది పొడిపించుకుని ఏడ్చే బిడ్డతో ల్యాబ్‌లో రెండు గంటలు కూర్చోవడం నరకం. అటో ఇటో నాలుగు రోజులు జరపండి, బిడ్డను పట్టుకోవడానికి ఇంకొకరిని వెంటపెట్టుకెళ్లండి.

రిపోర్టు మామూలుగా వస్తే "షుగర్ పోయింది" అని అందరూ సంబరపడతారు. గర్భంలో షుగర్ వచ్చిన స్త్రీకి తర్వాత అది శాశ్వతంగా వచ్చే అవకాశం, రానివాళ్ల కంటే ఏడు రెట్లు ఎక్కువ. కాబట్టి ఏడాదికోసారి పరీక్ష జీవితాంతం ఉండాల్సిందే. పాలివ్వడం వల్ల ఎక్కువ లాభపడేది కూడా వీళ్లే. అలాగే గర్భంలో బీపీ పెరిగి ప్రీఎక్లాంప్సియా (బీపీతో పాటు కిడ్నీల వంటి అవయవాలకూ దెబ్బ తగిలే స్థితి) దాకా వెళ్లినవాళ్లకు ముందు ముందు గుండెజబ్బు రిస్క్ సుమారు రెట్టింపు. వాళ్లూ ఏటా బీపీ చూపించుకోవాలి. డాక్టర్ ఏ మందు రాసినా పాలిస్తున్నానని ముందే చెప్పండి. బీపీకి, షుగర్‌కు పాలిచ్చే తల్లులు వాడదగ్గ మందులున్నాయి. మందు కోసం పాలు, పాల కోసం మందు మీ అంతట మీరే మానేయకండి.

అదే ఆరో వారంలో గర్భనిరోధం గురించి కూడా అడగండి. పాలిస్తుంటే గర్భం రాదన్న మాట మూడు షరతుల మీదే నిలబడుతుంది. బిడ్డకు ఆరు నెలలు నిండకూడదు, పగలూ రాత్రీ తల్లిపాలే తాగాలి, మీకు నెలసరి మళ్లీ మొదలై ఉండకూడదు. ఒక్కటి తప్పినా వేరే ఏర్పాటు కావాలి.

ఇంకొక మాట. రెండు వారాలు దాటినా ఏడుపు ఆగకపోవడం, బిడ్డను చూస్తే భయం, బిడ్డ పడుకున్నా నిద్ర రాకపోవడం ఉంటే దాన్ని బాలింత నీరసం అనుకుని వదిలేయకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైన్ టెలీ మానస్ నంబర్ 14416. తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులేమీ పోవు. మీరున్న ఊళ్లోనే మానసిక వైద్య ఆసుపత్రి నిమ్హాన్స్‌లో ఇలాంటి తల్లుల్ని బిడ్డతో పాటే చేర్చుకునే వార్డు ఉంది.

నాలుగో పని: ఎముకల భయం, పథ్యం

ఎముకలు గుల్లవుతాయన్న మాటలో సగం నిజం ఉంది. పాలిచ్చే నెలల్లో ఎముకల్లోంచి కాల్షియం నిజంగానే పోతుంది. వెన్నెముక సాంద్రత మూడు నుంచి ఐదు శాతం, కొందరిలో అంతకంటే ఎక్కువ తగ్గుతుంది. మిగతా సగం మనవాళ్లకు తెలియదు. పాలు తగ్గి నెలసరి మొదలయ్యాక ఆరు నుంచి పన్నెండు నెలల్లో అది చాలావరకు తిరిగి చేరిపోతుంది. ముసలితనంలో తుంటి విరగడానికి, ఒకప్పుడు పాలివ్వడానికి ముడిపెట్టాల్సిన పనిలేదు. జుట్టు సంగతీ అంతే. కాన్పయిన మూడు నాలుగు నెలలకు ఊడేది హార్మోన్లు పడిపోవడం వల్ల. డబ్బాపాలు పట్టిన తల్లికీ ఊడుతుంది.

అలాగని తిండి తగ్గించమని కాదు. పాలిచ్చే తల్లికి రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంది. మొదటి ఆరు నెలలు మామూలు కంటే రోజుకు 600 కేలరీలు అదనం. 100 గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. సీమ నుంచి వచ్చినవాళ్లకు సంగటి ఎలా చేయాలో నేను చెప్పక్కర్లేదు, ఇక్కడ చాలా హోటళ్లలో రాగి ముద్ద దొరుకుతూనే ఉంటుంది. రెండు గ్లాసుల పాలో పెరుగో, మునగాకు పప్పు, అన్నంలోకి నువ్వుల పొడి చేరితే లెక్క దగ్గరికొస్తుంది.

ఇక పథ్యం. వెల్లుల్లి కారం, మెంతులు, పాత చింతకాయ పచ్చడి తినండి, తప్పేం లేదు. నీళ్లు తక్కువ తాగాలి, పప్పు వద్దు, ఆకుకూర చలవ, పెరుగు జలుబు అంటూ నెలల తరబడి కారం అన్నమే పెడితే మాత్రం పాలు బిడ్డకు బాగానే వస్తాయి, కరిగిపోయేది తల్లి. అమ్మతోనో అత్తమ్మతోనో వాదనకు దిగితే ఇల్లు రణరంగమవుతుంది. "డాక్టరమ్మ రాసిచ్చింది అత్తమ్మా" అని చీటీ చూపించడం తేలిక. టీకా రోజున డాక్టర్ చేత రెండు ముక్కలు రాయించుకోండి.

ప్రభుత్వం ఇచ్చే ఐరన్ ఫోలిక్ మాత్ర కాన్పు తర్వాత 180 రోజులు రోజుకొకటి. కాల్షియం మాత్రలు ఆరు నెలలు, రోజుకు రెండు, భోజనంతో. రెండూ కలిపి వేసుకుంటే ఐరన్ ఒంటికి సరిగ్గా పట్టదు, కనీసం రెండు గంటల ఎడం ఇవ్వండి. ఐరన్ మాత్ర వేసుకున్న వెంటనే ఫిల్టర్ కాఫీ తాగినా అంతే.

ఐదో పని: డ్యూటీలో చేరేముందు

మీరు మొత్తం ఎన్ని నెలలు పాలిస్తారన్నది చాలావరకు ఇక్కడే తేలిపోతుంది. ఉదయం ఎనిమిదికి బయల్దేరి ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్ దాటుకుని రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరితే మధ్యలో పాలు తీయాల్సిందే. తీయకపోతే రొమ్ములు గట్టిపడతాయి, జ్వరం వస్తుంది, నెల తిరిగేసరికి పాలు తగ్గిపోతాయి. చేరడానికి రెండు మూడు వారాల ముందే పంప్‌తోనో చేత్తోనో తీయడం అలవాటు చేసుకోండి. గది వేడి 25 డిగ్రీల లోపుంటే తీసిన పాలు నాలుగు గంటలు నిలుస్తాయి. ఏప్రిల్‌లో బెంగళూరు ఇప్పుడు అలా ఉండటం లేదు కాబట్టి ఐస్ ప్యాక్ సంచి కొనుక్కోండి. ఫ్రిజ్‌లో వెనక వైపు పెట్టండి, తలుపు అరలో వద్దు. కరెంటు పోతూ వస్తూ ఉంటే అదే రోజు వాడేయండి.

మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో సెలవు సంగతి అందరికీ తెలుసు. తిరిగి చేరాక బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా రోజుకు రెండు సార్లు పాలిచ్చే విరామం తీసుకోవచ్చని 1961 నాటి చట్టంలోనే రాశారు. అది మాత్రం హెచ్ఆర్ వాళ్లు చెప్పరు. 50 మంది, ఆపైన పనిచేసే చోట పిల్లల్ని ఉంచే క్రెష్ ఉండాలని, రోజుకు నాలుగు సార్లు వెళ్లి చూసుకోవచ్చని 2017 సవరణలో చేర్చారు. సెలవులో ఉండగానే మెయిల్ పెట్టండి. పాలు తీసుకోవడానికి తలుపు గడియ పడే గది అడగండి. బాత్రూమ్ చూపిస్తే ఒప్పుకోకండి.

పీణ్యలో గార్మెంట్స్‌లో చేసేవాళ్లకి చట్టం వర్తిస్తుంది గానీ సూపర్‌వైజర్‌ను అడగడమే కష్టం. ఇద్దరు ముగ్గురు కలిసి అడిగితే మేలు. ఇళ్లలో పనిచేసేవాళ్లకి, మేస్త్రి పనికి వెళ్లేవాళ్లకి ఆ చట్టం కూడా అందదు. మీ ఇంట్లో పనిచేసే ఆమె బాలింతయితే బిడ్డను తెచ్చుకోమనండి, మీకేం పోతుంది?

ఆరో పని: గడ్డ తగిలితే వాయిదా వేయకపోవడం

పాలిచ్చేటప్పుడు రొమ్ములో గడ్డలు తగలడం మామూలే. పాలు గడ్డకట్టినట్టయితే బిడ్డ తాగాకో, చల్లటి తడి గుడ్డ వేశాకో ఒకటి రెండు రోజుల్లో కరగాలి. ఎర్రబడి జ్వరం వస్తే అదే రోజు డాక్టర్‌కు చూపించండి. ఆ రొమ్ము పాలు ఆపక్కర్లేదు. ఒకే చోట గడ్డ రెండు వారాలు దాటి అలాగే ఉంటే, చర్మం లోపలికి లాగినట్టుంటే, చనుమొనలోంచి రక్తం వస్తుంటే స్కాన్ చేయించుకోవాలి. "పాల గడ్డే, మాన్పించాక పోతుందిలే" అని ఎవరన్నా, చివరికి డాక్టరన్నా, అల్ట్రాసౌండ్ రాయమని మీరే అడగండి. దానివల్ల పాలకు ఏమీ కాదు. బాలింతల్లో క్యాన్సర్ అరుదే. వచ్చినప్పుడు ఆలస్యంగా బయటపడేది ఈ మాట వల్లే. అనుమానం తేల్చుకోవడానికి హోసూరు రోడ్డు దగ్గర కిద్వాయ్ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఇక 30 ఏళ్లు దాటినవాళ్లు, పాలిచ్చినా ఇవ్వకపోయినా, ఐదేళ్లకోసారి రొమ్ములు, గర్భాశయ ముఖద్వారం పరీక్ష చేయించుకోవాలి. ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం.

ఏడో పని: మాన్పించడం

ఎప్పుడన్నది మీ ఇష్టం. ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండేళ్లు, ఆపైన కూడా అంటుంది. వేపాకు పూసి ఒక్క రాత్రిలో మాన్పిస్తే గడ్డలు, జ్వరం మీకే. వారానికి ఒక పూట చొప్పున తగ్గించండి. ఆకలి మాత్రం పాలిచ్చేనాటిదే ఉండిపోతుంది. మాన్పించాక బరువు పెరిగేది అందుకే. మీ ఫైల్లో నెలలు రాయడం మర్చిపోవద్దు.

పాలు ఇవ్వలేకపోయినవాళ్లకి

పాలు చాలలేదు, బిడ్డ ఎన్ఐసీయూలో (పసికందుల ఐసీయూ) ఉండిపోయాడు, మందుల వల్ల కుదరలేదు. ఏ కారణమైనా కావచ్చు. పైన రాసిన శాతాలు చూసి బాధపడకండి. రోజూ అరగంట నడక, బరువు, బీపీ, షుగర్ పరీక్షలు వీటి ప్రభావం మీ గుండె మీద పాలిచ్చిన నెలల కంటే ఎక్కువే. రెండు నెలలిచ్చినా అవి లెక్కలో ఉంటాయి. ఫైల్లో "ఇవ్వలేదు" అని రాసి, మూడో పని నుంచి మీకు వర్తించేవన్నీ అలాగే చేయండి.

చివరగా, మీకు సాయంగా వచ్చిన అమ్మ

ఊరి నుంచి వచ్చి బిడ్డకు నీళ్లు పోసి, మీకు పథ్యం వండి పెడుతున్న ఆవిడ ముగ్గురికో నలుగురికో రెండేసి ఏళ్లు పాలిచ్చి ఉంటుంది. "మాకు ఏ జబ్బులూ రావమ్మా, మేం డబ్బాపాలు ఎరగం" అంటుంది. ఆవిడ బీపీ చివరిసారి ఎప్పుడు చూశారో అడగండి. పద్నాలుగో వారం టీకాకు వెళ్లేటప్పుడు ఆటోలో ఆవిడనూ ఎక్కించుకోండి. ఆధార్ కార్డు తెచ్చుకోమని ముందే చెప్పండి, పొద్దున టిఫిన్ తినకుండా వస్తే పరగడుపు షుగర్ కూడా చూపించేయొచ్చు.